పెడల్ మీద పిల్లి మేస్త్రీ

పిల్లి మేస్త్రీకి ఆ పేరు కళ్లను బట్టి రాలేదు, మీసాలను బట్టీ రాలేదు. పెళ్లయిన కొత్తలో, ఈ గదిలోంచి ఆ గదిలోకి, ఆ గదిలోంచి వీధిలోకి తిరుగుతున్న మొగుణ్ణి చూసి వాళ్లావిడ “కాలుగాలిన పిల్లిలా ఏమిటా తిరుగుడు?” అని ఒకసారి గట్టిగా అన్నది. గోడకు చెవులుంటాయంటారు, ఆ ఇంటి గోడకు నోరు కూడా ఉన్నట్టుంది. వారం తిరక్కుండా మాట వర్క్‌షాపుల వీధికి చేరింది. వీధివాళ్లకు తీరిక తక్కువ కనక కాలునూ కాలడాన్నీ వదిలేసి పిల్లిని మాత్రం ఉంచుకున్నారు.

పేరు పెట్టినవాళ్ల తప్పేమీ లేదు. ఆయన నిలబడే అన్నం తింటాడు. గడ్డం గీయించుకోవడానికి వెళితే కత్తి పట్టుకునే ముందు మంగలే ఆయనకు దండం పెడతాడు. ఆస్పత్రిలో చీటీ ఇచ్చి కూర్చోమంటే, తన వంతు వచ్చేసరికి వాకిట్లో ఆగి ఉన్న అంబులెన్సు బానెట్టు ఎత్తి చూస్తూ ఉంటాడు. నిద్రలో కూడా ఒక కాలు కదులుతూనే ఉంటుందని, ముప్పై ఏళ్లుగా తాను రైల్లో పడుకున్నట్టే ఉందని వాళ్లావిడ అంటుంది.

అంతటి మనిషీ కుదురుగా ఉండే చోటు లోకంలో ఒక్కటే, లారీ కింద. అట్టముక్క పరుచుకుని వెల్లకిలా పడుకున్నాడంటే గంటసేపు మనిషి ఉలకడు, పలకడు. చేతులు మాత్రమే కదులుతాయి. తల మీద టన్నుల ఇనుము ఉంటే తప్ప ఆయనకు విశ్రాంతి లేదన్నమాట. రెండు నెలల కిందట గేరుబాక్సు దించుతుంటే నడుంలో ఏదో కలుక్కుమంది. డాక్టరు నడుముకు పట్టీ కట్టి, వంగితే నీ ఇష్టం, తర్వాత నా దగ్గరకు రాకు అన్నాడు. అప్పట్నుంచీ లారీ కింద చోటు పోయింది. ఉన్న ఒక్క కుదురూ పోయి, మేస్త్రీ రోజంతా షెడ్డులో ఆ మూల నుంచి ఈ మూలకు తిరుగుతున్నాడు.

కింద చోటు కోడలికి వచ్చింది. కొడుకు స్కూలు బస్సు నడుపుతాడు. బండి నడపడమే తప్ప దాని పొట్టలో ఏముందో తెలుసుకోవాలని వాడికి ఎప్పుడూ అనిపించలేదు. కోడలు మూడేళ్ల కిందట మామగారికి క్యారియర్ ఇవ్వడానికి వచ్చి, ఆయన తినే ఐదు నిమిషాల్లో ఊరికే నిలబడలేక ఒక పానా అందుకుంది. మర్నాడు రెండు అందుకుంది. ఆమె తండ్రి మోటార్లకు రాగి తీగ చుట్టేవాడు. చుట్ల లెక్క ఒక్కటి తప్పినా మొత్తం విప్పి మళ్లీ మొదట్నుంచి చుట్టాలి. ఆ ఇంట్లో పెరిగిన పిల్లకు ‘మళ్లీ’ అన్న మాటంటే భయం లేదు. మామగారికి ఆ మాటంటే ఒళ్లు మంట.

ఆ రోజు పొద్దున తొమ్మిదికి అద్దాల లారీ వచ్చింది. నాలుగు టన్నుల కిటికీ అద్దాలు, చెక్క చట్రంలో నిలువుగా పేర్చి, తాళ్లతో కట్టి ఉన్నాయి. కొండ దిగితే కింద ఊళ్లో కొత్త భవనం. అక్కడ అద్దాలు బిగించేవాళ్లు నలుగురు నిచ్చెనలు వేసుకుని కూర్చున్నారు. కొండ మొదటి మలుపు రాకముందే బ్రేకు పెడల్ నేలకు తగిలిందని, గేర్ల మీద పాకించుకుంటూ వెనక్కి తెచ్చానని డ్రైవరు చెప్పాడు. బండి అతనిదే. మాట్లాడ్డం మొదలుపెడితే అతనికీ బ్రేకు పడదు.

“నా వెనక కూర్చున్నది నాలుగు టన్నుల అద్దం మేస్త్రీ. బండి ఆగకపోతే ముందు నా వీపులోనే అది ముఖం చూసుకుంటుంది.”

బ్రేకు ఆయిల్ ఎక్కడా కారలేదు, దాని డబ్బాలో తగ్గలేదు. మేస్త్రీ కిటికీలోంచి చెయ్యి పెట్టి పెడల్ ఒక్కసారి నొక్కి, మాస్టర్ సిలిండర్ పోయిందన్నాడు. పెడల్ తొక్కితే నాలుగు చక్రాలకూ ఆయిల్‌ను తోసేది అదే. లోపలి రబ్బర్లు అరిగిపోతే తోసిన ఆయిల్ చక్రాలకు పోకుండా వెనక్కే జారుతుంది. డ్రైవరు ఎదురు షాపు నుంచి కొత్తది తెచ్చాడు. పాతది విప్పడం, కొత్తది బిగించడం పెద్ద పని కాదు. అసలు పని ఆ తర్వాత గొట్టాల్లో చేరిన గాలిని తీయడం. ఆయిల్ అణగదు, గాలి అణుగుతుంది. గొట్టంలో గోరంత గాలి ఉన్నా కాలి బలమంతా దాన్ని అణచడానికే సరిపోతుంది, చక్రం దాకా చేరదు.

కొత్త సిలిండర్‌ను బండికి ఎక్కించే ముందే బల్లకున్న ఇనప పట్టులో బిగించి, ఆయిల్ పోసి, లోపలి గాలిని కాస్త తీసెయ్యాలంది కోడలు. ఎక్కించాక ఎలాగూ తీస్తాంగా, అదే పోతుందిలే అన్నాడు మామ. ఆమె సరే అన్నది. అని, సిలిండర్‌ను పట్టులోనే బిగించింది. పుల్లతో లోపలి ముక్కను నెమ్మదిగా తోస్తూ, వదులుతూ, బుడగలు రావడం ఆగేదాకా పావుగంట నిలబడింది. ఆ పావుగంటలో మేస్త్రీ వాకిలి దాకా పదకొండుసార్లు వెళ్లొచ్చాడని డ్రైవరు లెక్కపెట్టి చెప్పాడు.

గాలి తీయడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు పైన పెడల్ దగ్గర, ఒకరు కింద చక్రం దగ్గర. చక్రం వెనక నిపుల్ అనే చిన్న బోలు మర ఉంటుంది. దానికి పారదర్శకంగా ఉండే సన్నటి ట్యూబు తొడిగి, రెండో కొస ఆయిల్ ఉన్న సీసాలో ముంచుతారు. పైనున్న మనిషి మూడునాలుగుసార్లు తొక్కి పట్టుకోవాలి. కిందున్న మనిషి నిపుల్ అరచుట్టు విప్పితే గాలీ ఆయిలూ కలిసి బుడబుడమంటూ సీసాలోకి వస్తాయి, పెడల్ నేలకు దిగుతుంది. నిపుల్ మళ్లీ బిగించాకే కాలు తీయాలి. ముందే తీస్తే పెడల్ లేస్తూ లేస్తూ పోయిన గాలిని వెనక్కి లాక్కుంటుంది. ముప్పై రెండేళ్లుగా మేస్త్రీ కింద పడుకుని ఈ మాటే అరుస్తూ వచ్చాడు. కాలు తొందరపడినందుకు ఆయన చేత తిట్లు తినని డ్రైవరు ఆ వీధిలో లేడు. కాళ్లలో బుద్ధి లేనివాడికి లారీ ఎందుకు, ఎడ్లబండి తోలుకో అనేవాడు.

ఇవాళ ఆయన పైన కూర్చున్నాడు. జీవితంలో మొదటిసారి.

డ్రైవరు తాను తొక్కుతానన్నాడు. మేస్త్రీ ఒప్పుకోలేదు. డ్రైవర్ల కాళ్లను నమ్మకూడదన్నది ఆయన సిద్ధాంతం.

దూరంగా ఉన్న వెనక చక్రంతో మొదలుపెట్టారు. కింద నుంచి కోడలి గొంతు, తొక్కండి మావయ్యా, పట్టుకోండి, అని వస్తోంది. బిగించాక ఆఁ అంటోంది. పక్క షెడ్డులో వెల్డింగు పని. చిటపటలకు సగం మాట వినపడదు. డ్రైవరు ఫోను పది నిమిషాలకోసారి మోగుతోంది. మేస్త్రీ సీటు అంచు మీద కూర్చుని, ఒక చెయ్యి స్టీరింగు మీద, ఒక చెయ్యి తలుపు మీద వేసి, బయట వీధిలో పోయే ప్రతి బండి శబ్దానికీ తల తిప్పి దాని జబ్బేమిటో చెబుతున్నాడు. ఒకదానికి బేరింగు, ఒకదానికి సైలెన్సరు, మూడోదానికి డ్రైవరు.

నాలుగు చక్రాలూ అయ్యేసరికి పన్నెండు దాటింది. మేస్త్రీ పెడల్ తొక్కి చూశాడు. మెత్తగా, తడిసిన దిండు మీద కాలు వేసినట్టు సగం దాకా దిగింది. వెంటనే రెండోసారి తొక్కితే పైన ఆగింది. అంటే గాలి ఇంకా లోపలే ఉంది.

ఆయన ముందు ఆయిల్‌ను అనుమానించాడు. తర్వాత సిలిండర్ అమ్మినవాణ్ణి. ఆ తర్వాత, కాస్త గొంతు తగ్గించి, నిపుల్ బిగించడం ఒక పట్టాన వచ్చే విద్య కాదని, తనకే నాలుగేళ్లు పట్టిందని అన్నాడు. కోడలు డబ్బాలో ఆయిల్ నింపి, నాలుగు నిపుళ్ల మరలూ తుడిచి చూసి, మళ్లీ అట్టముక్క మీద పడుకుంది. మళ్లీ నాలుగు చక్రాలు. ఒంటిగంటన్నర అయింది. లీటరు ఆయిల్ సీసాలోకి పోయింది. పెడల్ అదే దిండు.

డ్రైవరు ఫోనులో ఎవరికో వస్తున్నా, దారిలోనే ఉన్నా అని చెబుతూ షెడ్డులో తిరుగుతున్నాడు. అలా తిరిగే మనుషులు ఇద్దరైతే ఆ షెడ్డు చాలదు.

“మేస్త్రీ, రెండోసారి తొక్కితే పడుతోందిగా” అన్నాడు చివరికి. “రెండుసార్లు తొక్కుతా. గేరులోనే దిగుతా. ఆ నలుగురూ మూడు దాటితే నిచ్చెనలు దించేసి పోతారు, మళ్లీ వారం దాకా రారు. వెళ్లమంటావా?”

ఆ వీధిలో ఏ డ్రైవరైనా మేస్త్రీ వెళ్లమంటేనే తాళం తిప్పుతాడు. ఆయన వెళ్లమన్న బండి దారిలో మొరాయించిందన్న మాట ఇంతవరకూ లేదు. అయితే ఇంతవరకూ ఒక బండి పెడల్ దగ్గర ఆయన మూడు గంటలు కూర్చోనూ లేదు. నడుముకు పట్టీ ఒరుసుకుంటోంది. ఎడమ కాలు తిమ్మిరెక్కింది. ఈ బండి ఈ షెడ్డులోంచి పోతే చాలు, లేచి నాలుగడుగులు వేస్తే చాలు అని ఒళ్లంతా గోల పెడుతోంది. రెండోసారికి పడుతున్న మాట నిజమే. మెల్లగా వెళ్తానంటున్నాడు. కొండ మీద మలుపులు ఎన్ని, ఏడో ఎనిమిదో. ఆయన నోరు తెరిచాడు.

“వద్దు మావయ్యా” అన్న మాట లారీ కింద నుంచి వచ్చింది.

పరాయి మనిషి ముందు కోడలు ఆయన మాటకు అడ్డం రావడం అదే మొదలు. ఇంకా ఆయన అననే లేదు కూడా. డ్రైవరు చక్రాల వైపు చూశాడు, మేస్త్రీ వైపు చూశాడు, ఫోనులో ఎవరో పిలిచినట్టు వాకిలి వైపు నడిచాడు.

కోడలు బయటకు రాలేదు. వెనక ఎడమ చక్రం ఒక్కటి మళ్లీ చేద్దాం, ఒక్కటే చాలు అంది. మేస్త్రీ పళ్లు నూరుతూ తొక్కాడు, పట్టాడు, వదిలాడు. అప్పుడు ఆమె పాకుతూ వచ్చి, చేతులు గుడ్డకు తుడుచుకుని, తన ఫోను ఆయనకు అందించింది. దాన్ని నిపుల్ పక్కన ఇరుసు మీద నిలబెట్టి ఆ చక్రం పనంతా వీడియో తీసింది.

“చూడండి మావయ్యా” అంది.

ఫోనులో ట్యూబు పెద్దగా కనిపిస్తోంది. పానా పట్టిన చెయ్యి అరచుట్టు తిప్పింది. తెల్లటి బుడగలు దండలాగా సీసా వైపు పరుగెత్తాయి. ఆగాయి. చెయ్యి ఇంకా బిగించడం మొదలుపెట్టలేదు. ట్యూబు మధ్యలో మిగిలిన బియ్యపుగింజంత బుడగ ఒకటి కదిలింది. ముందుకు కాదు, వెనక్కి. తిన్నగా నిపుల్‌లోకి దూరి మాయమైపోయింది. ఆ తర్వాత పానా తిరిగింది. ఆ తర్వాత కోడలి గొంతు, ఆఁ, అంది.

మేస్త్రీ మూడుసార్లు చూశాడు. వెనక్కి పోయే బుడగ ఆయనకు కొత్త కాదు. ఎంతమంది డ్రైవర్లను ఆ బుడగను చూసే తిట్టాడు. మూడోసారి చూస్తున్నప్పుడు ఆయన కుడిచెయ్యి గాలిలోనే, తనకు తెలియకుండా, పానా తిప్పింది. పెడల్ నేలకు తగిలే లోపలే బిగించేసే చెయ్యి అది. బండి కింద మెరుపులా తిరిగేది. కోడలి చెయ్యి అలా కాదు. చివరి బుడగ పోయేదాకా చూసి, మర చెడకుండా నింపాదిగా బిగిస్తుంది. ఆయన కాలు కోడలి చేతిని కాదు, పొద్దుట్నుంచీ తన పాత చేతినే నమ్ముకుని లేస్తోంది. పెడల్ నేలకు తగిలిందంటే నిపుల్ మూసుకున్నట్టేనని ఆ కాలి లెక్క. ఆఁ అన్న మాట విన్నాననే అనుకున్నాడు. వినకముందే విన్నాడు.

డ్రైవరు వాకిట్లోంచి ఏమైందని అడిగాడు.

ఆయిల్ అనొచ్చు. సిలిండర్ అనొచ్చు. అమ్మినవాడు అక్కడ లేడు కనక అన్నిటికీ పనికొస్తాడు. మేస్త్రీ ఫోను కోడలికి తిరిగి ఇచ్చేశాడు.

“బండిలో ఏం లేదయ్యా. అమ్మాయి పనిలోనూ ఏం లేదు. నా కాలు తొందరపడింది. పొద్దున్నించీ తీసిన గాలంతా నేనే వెనక్కి లాగాను.”

వెల్డింగు కూడా అప్పుడే ఆగి ఉండటంతో ఆ మాట పక్క షెడ్డుకు కూడా స్పష్టంగా వినిపించింది. డ్రైవరు నవ్వబోయి, మేస్త్రీ ముఖం చూసి, ఆ నవ్వును దగ్గులోకి మళ్లించాడు. ఆయన కోసం ఎడ్లబండి ఎక్కడ దొరుకుతుందో కనుక్కుని ఉంచుతానన్నాడు మాత్రం. ఆ అవకాశం వదులుకోవడానికి అతను దేవుడేమీ కాడు. పోనీ ఇప్పుడైనా నేను తొక్కనా అన్నాడు. మేస్త్రీ కోడలి వైపు చూశాడు.

“మీరే ఉండండి మావయ్యా. నేనింక నోటితో చెప్పను” అంది ఆమె. “బిగించాక పానాతో చక్రం డ్రమ్ము మీద రెండు దెబ్బలు కొడతాను. ఇనుము మీద కొడితే పెడల్ దాకా తెలుస్తుంది. అది తెలిస్తేనే తీయండి.”

“ఒకటి కొడితే?”

“ఒకటి కొడితే పానా చేజారిందని అర్థం. తీయకండి.”

మళ్లీ మొదలైంది. తొక్కాడు, పట్టాడు. పెడల్ నేలకు దిగింది. కాలు లేవబోయింది, పిక్కలో కండ దానంతటదే బిగుసుకుంది. మేస్త్రీ రెండు చేతులతో మోకాలిని కిందికి అదిమి పట్టుకున్నాడు, దొంగను పట్టుకున్నట్టు. ఎంతసేపు. వీధిలో ఏదో బండి పోయింది. దాని బేరింగు సంగతి ఎవడిక్కావాలి. నుదుటి మీంచి చెమట చుక్క ముక్కు కొసకు వచ్చి ఆగింది. తుడుచుకోవడానికి చెయ్యి తీస్తే మోకాలు పోతుంది. కింద ఒక్క చప్పుడు లేదు. పిల్ల నిద్రపోయిందా అనుకున్నాడు. నిపుల్ విరిగిందేమో, చెయ్యి ఇరుక్కుందేమో, పిలవాలేమో. అప్పుడు అరికాలికి, చెవికి కాదు, అరికాలికే తెలిసింది: టక్, టక్.

తీశాడు. మొత్తం మీద పది సెకన్లు పట్టి ఉంటుంది.

ఒక్క చక్రానికి అలా ఎనిమిదిసార్లు. రెండో చక్రం దగ్గర నడుం పట్టీ కింద నిప్పు పెట్టినట్టయింది. మూడో చక్రం దగ్గర డ్రైవరు కిటికీలోంచి తల పెట్టి, ఆ నలుగురూ నిచ్చెనలు దించుతున్నారట అన్నాడు. మేస్త్రీ అతని వైపు తిరగలేదు. దించుకోనీ అన్నాడు. డ్రైవరు తల వెనక్కి తీసుకున్నాడు. నాలుగో చక్రంలో సగం దాకా వచ్చేసరికి పెడల్ కిందికి దిగడం తగ్గింది. ప్రతిసారీ ఒక వేలు, అర వేలు పైనే ఆగుతోంది. చివరి టక్ టక్ తర్వాత మేస్త్రీ కాలు తీసి, మళ్లీ పెట్టి, తొక్కాడు. మొదటి తొక్కుకే, పైనే, రాయిలాగా ఆగింది. బలమంతా వేసి నొక్కి పట్టుకుని, దిగుతుందేమోనని నిమిషంసేపు చూశాడు. దిగలేదు.

కోడలు బయటకు వచ్చి డబ్బా నింపి మూత బిగించింది. నాలుగు నిపుళ్లకూ రబ్బరు టోపీలు తొడిగిందో లేదో అని మేస్త్రీ ఆమెను రెండుసార్లు అడిగాడు. డ్రైవరు బండిని వీధి చివరి వాలు దాకా తీసుకెళ్లి, నాలుగుసార్లు ఆపి చూసి, వెనక్కి తెచ్చాడు. అద్దాలు చట్రంలో ఒక్కసారి గలగలమని ఊరుకున్నాయని చెప్పాడు. వెళ్లమన్నాడు మేస్త్రీ. అప్పటికి మూడుంబావు. నిచ్చెనలవాళ్లు వెళ్లిపోయారో లేదో మరి. డ్రైవరు ఫోనులో వాళ్లతో, కొండ మొదటి మలుపులో ఉన్నానని చెబుతూ బండి ఎక్కాడు.

షెడ్డులో చప్పుడు తగ్గింది. కోడలు చేతులకు సబ్బు రుద్దుకుంటోంది. మేస్త్రీ నడుం మీద చేతులు వేసుకుని మూడడుగులు అటు, మూడడుగులు ఇటు నడుస్తున్నాడు.

“నీకు ఎప్పుడు తెలిసింది?” అన్నాడు.

“రెండో చక్రం దగ్గరే అనుమానం వచ్చింది మావయ్యా.”

“పొద్దున? పొద్దున రెండో చక్రమా?”

“ఆఁ.”

“మరి అప్పుడే చెప్పొచ్చుగా. లీటరు ఆయిల్, ఒక పూట, నా నడుం. చెప్పడానికి నోరు లేదా?”

ఆమె కుళాయి తిప్పి చేతులు కడుక్కుంది. “చెబితే వినేవారా?”

మేస్త్రీ నడక ఆపాడు. ఆలోచించాడు. ఆయన ఆలోచించడానికి పెద్దగా సమయం తీసుకోడు, ఈసారి కాస్త తీసుకున్నాడు.

“వినేవాణ్ణి కాదు” అన్నాడు. “నిపుల్ బిగించడం రాదని నిన్ను తిట్టేవాణ్ణి. అయినా చెప్పు. తిడితే తిట్టనీ, రెండోసారి చెప్పు.”

కోడలు తల ఊపింది. రేపు పొద్దున్నే కూరగాయల వ్యాను వస్తుందని, దాని వెనక చక్రాలకు కూడా గాలి తీయాలని గుర్తు చేసింది. పెడల్ దగ్గర ఎవర్ని కూర్చోబెడదామంది.

“నేనే కూర్చుంటా. నాకింకా సరిగ్గా రాలేదు.”

ఆ మాట పూర్తయ్యేసరికి ఆయన వాకిట్లో ఉన్నాడు. వీధిలో ఏదో ఆటో దగ్గుతూ పోతుంటే దాని వెనకే నాలుగడుగులు వేసి, దాన్ని ఆపమని చెయ్యి ఊపుతున్నాడు.